అమ్మ తిరిగి ఇచ్చిన గుడ్డముక్కలు

కుట్టుపని చేసేవారు చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వరని లోకమంతటా ఒక నమ్మకం ఉంది. ‘ఎల్లుండి రండి’ అన్న మాటను చెప్పేవారూ నమ్మరు, వినేవారూ నమ్మరు. అయినా ఆ మాట అనడమూ, తలూపి వెళ్లిపోవడమూ ఒక మర్యాదలా సాగిపోతూ ఉంటాయి. మా అమ్మ జీవితమంతా ఆ పనిలోనే గడిచింది. కుట్టుమిషను ముందు కూర్చునే ఆమె మమ్మల్ని పెంచింది, చదివించింది, ప్రార్థన నేర్పింది. క్రైస్తవ విశ్వాసం గురించి ఈనాడు నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం నేను విన్న ప్రసంగాల నుంచి రాలేదు. ఆ మిషను పక్కన నేలమీద కూర్చుని, కిందపడిన గుండీలు ఏరుతూ, దారపు తునకలు ఊడుస్తూ, అమ్మ చేసే పనిని చూస్తూ, మధ్యమధ్య ఆమె చెప్పే మాటలు వింటూ గడిపిన సాయంకాలాల నుంచి వచ్చింది. ఆమె ఇప్పుడు లేదు గనుక, ఆ మాటలు నాకు బాగా గుర్తున్నప్పుడే వాటిని ఒకచోట రాసిపెట్టాలనుకుంటున్నాను.

ఎవరైనా గుడ్డ తెచ్చినప్పుడు అమ్మ చేసే మొదటి పని దాన్ని కొలవడం. తెచ్చినవారు చూస్తుండగానే టేపు పరిచి, పొడవూ పన్నా చూసి, ఒక నోటుపుస్తకంలో వారి పేరు పక్కన రాసేది. ఆ తరువాత ఒంటి కొలతలు తీసి, కాసేపు ఆలోచించి, గుడ్డ ఎక్కువైతే కత్తెర పెట్టకముందే చెప్పేది: “ఇంత అక్కరలేదమ్మా, మీ చిన్నపాపకు కూడా ఒకటి వస్తుంది, కుట్టమంటారా?” అని. కుట్టడం పూర్తయ్యాక మిగిలిన ముక్కలను చేతితో సాపుచేసి, పెద్దదాని లోపల చిన్నదాన్ని పెట్టి చుట్ట చుట్టి, ఏ దారంతో ఆ బట్ట కుట్టిందో ఆ దారంతోనే కట్టి, మడతపెట్టిన బట్ట మధ్యలో ఉంచేది. జేబుకో, కాలరు లోపలికో తప్ప ఎందుకూ పనికిరాని ముక్కలు కూడా ఆ చుట్టలో ఉండేవి. చాలామంది ఆ చుట్టను చూసి ఆశ్చర్యపోయేవారు. “ఇవి మాకెందుకు, మీరే ఉంచుకోండక్కా” అని కొందరు అనేవారు. అలా అన్నప్పుడు అమ్మ సంతోషంగా తీసుకునేది. ఇచ్చినదానికీ, అడగకుండా ఉంచుకున్నదానికీ మధ్య ఉన్న తేడా ఆమెకు చాలా ముఖ్యం. చేతికి వచ్చిన వస్తువు ఒకటే అయినా సరే.

లేవీయకాండము 19వ అధ్యాయం అమ్మకు కంఠతా వచ్చు. చాలామంది క్రైస్తవులకు ఆ అధ్యాయంలో బాగా తెలిసినది 18వ వచనం. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెనని చెప్పేది అదే, యేసు ప్రభువు స్వయంగా ఎత్తి చూపినదీ అదే. అదే అధ్యాయం చివర, 35, 36 వచనాల్లో, కొలతలోనూ తూనికలోనూ అన్యాయం చేయవద్దని, త్రాసులు, గుండ్లు న్యాయమైనవిగా ఉండాలని ఉంది. 13వ వచనంలో, కూలివాని కూలి మరునాటి ఉదయం వరకు నీ దగ్గర ఉండకూడదని ఉంది. ఈ మూడూ ఒకే అధ్యాయంలో ఉండటం యాదృచ్ఛికం కాదని అమ్మ నమ్మకం. పొరుగువారిని ప్రేమించడమంటే ఏమిటని అడిగితే దేవుడు టేపు చేతికిచ్చాడని ఆమె అనేది. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం ఇంకా సూటిగా మాట్లాడుతుంది: సంచిలో పెద్దదీ చిన్నదీ అని రెండు రకాల తూనికరాళ్లు ఉండకూడదు. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఇంకొకటి వాడుకునే ఏర్పాటు అన్నమాట. “దొంగత్రాసు యెహోవాకు హేయము” అన్న సామెతల మాట మా సండేస్కూల్లో పిల్లలందరికీ వచ్చు. కానీ మా ఇంట్లో దానికి ఒక రూపం ఉండేది, కొసలు అరిగి సాగిపోయిన టేపును అమ్మ కత్తిరించి పారేయడం. సాగిన టేపు కొలత తప్పు చూపిస్తుందని, దానితో ఇంట్లో బట్టలు కూడా కొలవకూడదని ఆమె అనేది.

చాలా ఏళ్ల తరువాత, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 1563లో వెలువడిన ప్రశ్నోత్తరాల బోధను చదువుతున్నప్పుడు 110వ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. దొంగిలవద్దన్న ఆజ్ఞలో దేవుడు ఏమేమి నిషేధించాడని అడిగి, అది దొంగతనాన్నీ దోపిడీనీ మాత్రమే కాక తప్పుడు తూనికలనూ, గుడ్డ కొలిచే తప్పుడు కర్రలనూ, నాసిరకం సరుకునూ కూడా పేర్కొంటుంది. ఆ వెంటనే 111వ ప్రశ్నలో, పొరుగువారికి మేలు కలిగేలా చూడటమూ, అవసరంలో ఉన్నవారికి సహాయపడగలిగేలా నమ్మకంగా పనిచేయడమూ అదే ఆజ్ఞలో భాగమని చెబుతుంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 28వ వచనంలో పౌలు చెప్పినదీ ఇదే: దొంగిలేవాడు మానుకుంటే చాలదు, అక్కరగలవారికి పంచిపెట్టడానికి తన చేతులతో కష్టపడాలి. అమ్మ ఆ ప్రశ్నోత్తరాల పేరు కూడా వినలేదు. గుడ్డ కొలిచే కర్ర గురించి అంతకాలం కిందట అంత పట్టింపుగా రాసినవారు ఉన్నారని ఆమెకు తెలిసి ఉంటే ఎంత సంబరపడేదో!

ఇక తేదీల సంగతి. మా ఇంట్లో పిల్లలకు ఒక నియమం ఉండేది, అది ఎవరూ గోడమీద రాయనిది: తలుపు తట్టిన వారితో ‘అమ్మ ఇంట్లో లేదు’ అని చెప్పకూడదు. ఒక సాయంకాలం ఒకావిడ తన బట్టల కోసం వచ్చింది. అవి పూర్తికాలేదు. వాటి చేతులు ఇంకా కుట్టకుండా, ఒక్కొక్కటిగా విడిగా బల్లమీదే ఉన్నాయి. రెండు రోజుల ముందు మిషను బెల్టు తెగిందన్నది నిజం, కొత్త బెల్టు వచ్చేసరికి ఆలస్యమైందన్నదీ నిజం. నేను లోపలికి వెళ్లి ‘మిషను చెడిపోయిందని చెప్పనా అమ్మా’ అని అడిగాను. అమ్మ వేలికి ఉన్న అంగుస్తాను తీయకుండానే లేచి వాకిట్లోకి వచ్చి, “మీకు చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయానమ్మా. మిషను పాడైంది గానీ, అది పాడవకముందే నేను వేరే పని ముందు పెట్టుకున్నాను. తప్పు నాదే. శుక్రవారం మధ్యాహ్నానికి నేనే తెచ్చి ఇస్తాను” అంది. ఆవిడ కోపంగానే వెళ్లింది. ఆవిడ వెళ్లాక నేను, మిషను చెడిపోయింది నిజమే కదా, అంతవరకు చెబితే సరిపోయేది కదా అన్నాను. ఆ నిజం వెనక దాక్కుంటే అది అబద్ధం చేసే పనే చేస్తుందని అమ్మ చెప్పిన జవాబు ఆనాడు నాకు సగమే అర్థమైంది.

“మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు, అని యుండవలెను” అని కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పినది ఒట్లు పెట్టుకోవడం గురించి. కొన్ని మాటలకు ఒట్టు కావలసి వచ్చిందంటే, మిగిలిన మాటలకు బలం లేదని ఒప్పుకున్నట్టే. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు ఈ మాటను అక్షరాలా తీసుకుని న్యాయస్థానంలో కూడా ప్రమాణం చేయడానికి ఒప్పుకోలేదు, అందుకు చెరసాలలకు వెళ్లారు. చివరికి ఆ శతాబ్దం ముగిసేలోగా వారు ప్రమాణానికి బదులు గంభీరంగా చెప్పిన మాటను ఒప్పుకునే చట్టం వచ్చింది. అదే జనం తమ వ్యాపారాల్లో బేరాలు మానేసి, ఎవరికైనా ఒకే ధర చెప్పే పద్ధతి పాటించారు. తక్కువకు ఇవ్వడానికి మనసులో సిద్ధంగా ఉండి ఎక్కువ చెప్పడం అబద్ధమేనని వారి వాదన. ఈ సంగతి చదివినప్పుడు నాకు అమ్మ నోటుపుస్తకం చివరి పేజీ గుర్తుకు వచ్చింది. ఏ బట్టకు ఎంత కూలి అని ఆమె అందులో రాసి ఉంచేది, అడిగినవారికి ఆ పేజీ తిప్పి చూపించేది. లేనివారికి ఆమె తగ్గించిన మాట నిజమే, కానీ ధర పెంచి చెప్పి తగ్గించినట్టు చూపలేదు. ఉన్న ధరే చెప్పి, “మీరు ఇంత ఇవ్వండి చాలు” అనేది.

కొనేవాడి అబద్ధం గురించి కూడా బైబిలులో ఉందన్నది చాలామంది గమనించరు. సామెతలు 20వ అధ్యాయం 14వ వచనంలో, కొనేవాడు వస్తువు బాగాలేదు బాగాలేదు అని, అవతలికి వెళ్లాక దాన్ని మెచ్చుకుంటాడని ఉంది. అమ్మ దారాలూ గుండీలూ కొనేటప్పుడు నేను ఎన్నోసార్లు పక్కనే ఉన్నాను. ఆమె సరుకును ఎప్పుడూ హీనపరచలేదు. “బాగుంది, కానీ నాకు అంత పెట్టే శక్తి లేదు” అని ఉన్నమాట చెప్పేది. మోసపోకూడదన్న జాగ్రత్త అందరికీ ఉంటుంది. తన వల్ల ఎదుటివాడు మోసపోకూడదన్న జాగ్రత్త దానికంటే ఎంత అరుదైనదో ఈ వయసులో నాకు తెలుస్తోంది.

ఒకసారి గుడ్డ తగ్గిందన్న మాట ఆమె మీద పడింది. కుట్టించుకున్న ఆవిడ ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని వచ్చి, మిగలవలసిన ముక్క మిగల్లేదని అంది. అమ్మ నోటుపుస్తకం తెరిచి కొలతలు చూపించి, కత్తిరింపు లెక్క చెప్పి, “మిగిలినదంతా మీకు ఇచ్చేశానమ్మా” అని గట్టిగా అంది. వారు నమ్మీ నమ్మక వెళ్లిపోయారు. మరునాడు ఊడుస్తుంటే మిషను బల్లకూ గోడకూ మధ్య పడిపోయిన ఒక జానెడు ముక్క దొరికింది. అది నలిగి, దుమ్ము పట్టి ఉంది. అమ్మ దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, వెంటనే వారి ఇంటికి బయలుదేరింది, నన్నూ తీసుకెళ్లింది. ఆవిడకు ఒక్కదానికి ఇచ్చేసి వస్తే సరిపోయేది. అమ్మ మాత్రం ముందురోజు వచ్చిన బంధువులిద్దరినీ కూడా పిలిపించమని కోరి, వారి ఎదుట, “నిన్న నేను చెప్పింది నిజం కాదు, ముక్క నా దగ్గరే ఉంది, నేను వెతక్కుండానే మాట్లాడాను” అంది. దారిలో తిరిగి వస్తూ, నువ్వు కావాలని అబద్ధం చెప్పలేదు కదా అని నేను అంటే, చెప్పలేదు గానీ ఆ మాట విన్నవారు ముగ్గురు కదా, సరిచేసిన మాట కూడా ముగ్గురూ వినాలి అంది.

తెలియక తప్పు చెప్పడానికీ, తెలిసి మోసగించడానికీ ఉన్న ఈ భేదం గురించి ప్రాచీన క్రైస్తవ పండితుడు అగస్టీను క్రీ.శ. 395 ప్రాంతంలో ఒక గ్రంథమే రాశాడు. తాను చెప్పేది నిజమని నమ్మి చెప్పినవాడు, అది తప్పైనా సరే, అబద్ధికుడు కాడని, మనసులో ఒకటి ఉంచుకుని బయటికి ఇంకొకటి చెప్పేవాడే అబద్ధికుడని ఆయన అంటాడు. అబద్ధాలను ఎనిమిది రకాలుగా విభజించి, ఎవరికీ హాని చేయని అబద్ధాన్ని కూడా ఆయన ఒప్పుకోలేదు. ఐగుప్తులో మగబిడ్డలను కాపాడిన మంత్రసానుల మాటలనూ, యెరికోలో వేగులవారిని దాచిన రాహాబు మాటలనూ ఏమనాలన్న చర్చ అప్పటి నుంచి క్రైస్తవుల మధ్య నడుస్తూనే ఉంది. ప్రాణాలు కాపాడటానికి చెప్పిన మాట విషయంలో నేను అగస్టీనుతో ఏకీభవించలేకపోతున్నాను. కానీ రోజువారీ జీవితంలో మనం ఆడే అబద్ధాలకు మంత్రసానులను సాక్షులుగా పిలవడం అన్యాయం. వారు ఫరోకు ఎదురునిలిచి ఆ మాట అన్నారు. మనం మాట పడకుండా ఉండటానికి అంటాం.

నిజం చెప్పడమంటే గాయపరచడమని అమ్మ ఎన్నడూ అనుకోలేదు. కొత్త బట్ట వేసుకుని అద్దం ముందు నిలబడిన మనిషి ‘నాకు బాగుందా’ అని అడిగితే ఏం చెప్పాలి? బాగాలేనిదాన్ని బాగుందని ఆమె అనేది కాదు. బాగాలేదని కూడా ఊరికే అనేది కాదు. “భుజాల దగ్గర చక్కగా కూర్చుంది. నడుం దగ్గర పట్టేస్తోంది, లోపల గుడ్డ వదిలాను, రేపు వదులు చేస్తాను” అనేది. ప్రేమ కలిగి సత్యం చెప్పమని ఎఫెసీయుల పత్రిక 4వ అధ్యాయం అంటుంది. ఆ మాటను ఉపయోగించి ఇతరులను కుళ్లబొడిచినవారిని సంఘాల్లో చూశాను. అమ్మ దగ్గర సత్యంతో పాటు ఆ లోపాన్ని సరిచేసే సూది కూడా సిద్ధంగా ఉండేది.

ఆ లోపలి గుడ్డ గురించి కొంచెం చెప్పాలి. పైకి ఒకేలా కనబడే రెండు బట్టల్ని తిరగేసి చూస్తే తెలిసిపోతుంది, ఏది ఎవరు కుట్టారో. కొందరు లోపలి అంచులు వదిలేస్తారు. రెండు ఉతుకులకే పోగులు లేస్తాయి. అమ్మ లోపలి అంచును మడిచి మళ్లీ కుట్టేది, కాజాలు చేత్తో దగ్గరదగ్గరగా కుట్టేది, ఒళ్లు చేస్తే వదులు చేసుకునేందుకు పక్క కుట్ల దగ్గర గుడ్డ విడిచిపెట్టేది. తొందరలో ఉన్నవారు ‘లోపల ఎవరు చూస్తారు’ అంటే నవ్వి ఊరుకునేది. “మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి” అన్న కొలొస్సయుల పత్రిక మాట ఆమెకు ప్రాణం. ఆ మాట పౌలు మొదట ఎవరికి రాశాడో మరిచిపోకూడదని నేను అనుకుంటాను. అది బానిసలకు రాసినది. యజమాని కంటికి కనబడేంతవరకే పని చేయకండని చెబుతూ రాసినది. జీతం తక్కువ ఇచ్చి ‘ప్రభువు కోసం చేయండి’ అనే యజమానులు, నాలుగు వచనాలు కూడా దాటకముందే 4వ అధ్యాయం మొదట్లో తమకు వచ్చిన ఆజ్ఞ చదవాలి: న్యాయమైనదీ ధర్మానుసారమైనదీ దాసులకు ఇవ్వాలని, పరలోకంలో తమకూ యజమానుడున్నాడని అక్కడ ఉంది. సంఘంలో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, అంటే చనిపోయినప్పుడు, పేదవారైతే, అమ్మే రాత్రికి రాత్రి వారికి తొడిగే వస్త్రం కుట్టి ఇచ్చేది. వాటి లోపలి అంచులు కూడా ఆమె మడిచే కుట్టింది.

నాన్నగారు మా సంఘానికి చాలాకాలం ట్రెజరరుగా ఉన్నారు. ఆరాధన ముగిశాక కానుకల సంచి ఆయన ఒక్కరే ఎన్నడూ విప్పలేదు. సంఘపెద్ద ఒకరు పక్కన కూర్చునేవరకు మూతి కట్టే ఉంచేవారు. “మిమ్మల్ని అనుమానించేదెవరండీ, మీరే లెక్కపెట్టేయండి” అని ఒక పెద్దాయన విసుక్కుంటే, రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం చదివి వినిపించారు. యోవాషు రాజు కాలంలో యాజకుల చేతికి డబ్బు వెళ్లింది గానీ, ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా మందిరం శిథిలాలు బాగుకాలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం దగ్గర పెట్టాడు. అది నిండినప్పుడల్లా రాజు తరఫు మనిషీ ప్రధానయాజకుడూ కలిసి లెక్కించి సంచుల్లో కట్టేవారు. అదే అధ్యాయంలో, పని చేయించినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదని కూడా ఉంది. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో, పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా సరిగా ఉండాలని పౌలు తీసుకున్న జాగ్రత్త నాన్నగారికి ఆదర్శం. శిష్యుల డబ్బు సంచి యూదా దగ్గర ఉండేదని, అందులో వేసినది అతడు తీసుకునేవాడని యోహాను సువార్త 12వ అధ్యాయం చెబుతుంది. ప్రభువుతో కలిసి నడిచినవాడికే అది జరిగిందంటే, తనను తాను ఒంటరిగా ఆ సంచితో వదిలిపెట్టుకోవడానికి నాన్నగారు ఒప్పుకోలేదు.

ఒక రాత్రి అమ్మ ఆనాటి కూలి లెక్కపెడుతుండగా రెండు కొత్త నోట్లు ఒకదానికొకటి అంటుకుని వచ్చినట్టు తెలిసింది. ఇచ్చినవారికి తెలియలేదు, వారు అడగబోరు కూడా. తెల్లవారగానే ఆ నోటు ఇచ్చి రమ్మని నన్ను పంపింది. వెళ్లేముందు యాకోబు కథ చెప్పింది. చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ బట్టలు కుట్టే మనిషి చెప్పినప్పుడు అది వేరుగా వినిపించింది. యౌవనంలో యాకోబు అన్న బట్టలు వేసుకుని, చేతులకు మేకపిల్లల తోలు కప్పుకుని, చూపు మందగించిన తండ్రిని మోసగించాడు. వయసు మళ్లాక అతని కొడుకులు యోసేపు విచిత్రమైన నిలువుటంగీని మేకపిల్ల రక్తంలో ముంచి తెచ్చి, ఇది నీ కుమారునిదో కాదో చూడమని అతణ్ని మోసగించారు. కరవు కాలంలో ధాన్యానికి వెళ్లివచ్చిన కొడుకుల గోనెల మూతుల్లో వారి డబ్బు తిరిగి కనిపించినప్పుడు, ఆ ముసలి యాకోబే, ఒకవేళ అది పొరపాటై ఉంటుంది, ఆ డబ్బూ తీసుకెళ్లండి, దానితో పాటు మరింత తీసుకెళ్లండి అన్నాడు. ఆదికాండము 43వ అధ్యాయం 12వ వచనం అది. “అన్న బట్టలు వేసుకున్న మనిషి ఆ మాట అనేవరకు దేవుడు అతణ్ని వదిలిపెట్టలేదు” అంది అమ్మ. మనకు నష్టం కలిగిన పొరపాటును పట్టుకోవడానికి అందరూ లెక్క మళ్లీ చూస్తారు. లాభం కలిగిన పొరపాటును పట్టుకోవడానికి కూడా అంతే శ్రద్ధగా లెక్క చూడటం మా ఇంట్లో నేను చూశాను. నిజాయితీ గురించి నాకు తెలిసిన అతి ముఖ్యమైన విషయం ఇదేనని చెప్పగలను.

ఇదంతా చేస్తే దేవుడు మెచ్చుకుని ఏదో ఇస్తాడన్న లెక్క అమ్మకు లేదు. ఆ మాట అంటే ఆమె నొచ్చుకునేది. జక్కయ్య కథలో క్రమం చూడమనేది. సుంకపు గుత్తదారుల పెద్ద అయిన అతడు నాలుగంతలు తిరిగి ఇస్తాననడమూ, సగం ఆస్తి బీదలకిస్తాననడమూ తరువాతి సంగతులు. నేడు నీ ఇంట ఉండవలసి ఉందని ప్రభువు అనడం ముందు జరిగింది. సంఖ్యాకాండము 5వ అధ్యాయం ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదవ వంతు కలిపి ఇస్తే చాలు. గొఱ్ఱెను దొంగిలి అమ్మినవాడికి పెట్టిన నాలుగంతల లెక్కను జక్కయ్య తనంతట తాను ఎంచుకున్నాడు. దీనికి ఎదురుగా ఎలీషా ప్రవక్త సేవకుడైన గేహజీ ఉన్నాడు. కుష్ఠురోగి అయిన సిరియా సేనాపతి నయమానుకు స్వస్థత ఉచితంగా దొరికింది, ఎలీషా ఏమీ పుచ్చుకోలేదు. గేహజీ పరుగెత్తుకెళ్లి, ఇద్దరు యౌవనులు వచ్చారని ఒక చిన్న కథ అల్లి, వెండీ రెండు దుస్తులూ తెచ్చుకున్నాడు. దేవుడు ఉచితంగా ఇచ్చినదానికి వెలకట్టినట్టు ఒక అన్యునికి అనిపింపజేయడమే గేహజీ అబద్ధంలో ఘోరమైన భాగమని నాన్నగారు అనేవారు. నాకూ అదే సరైన అర్థంగా తోస్తుంది.

ఊరు విడిచి వెళ్లిపోయినవారి ముక్కలు అమ్మ దగ్గర కొన్ని మిగిలిపోయాయి. సంఖ్యాకాండము అదే అధ్యాయంలో, తిరిగి తీసుకోవడానికి ఎవరూ లేకపోతే అది యెహోవాది అవుతుందని ఉంది. ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఇక రారని రూఢి అయ్యాక, వాటిని కలిపి పసిపిల్లలకు బొంతలు కుట్టి సంఘంలో అవసరమైనవారికి ఇచ్చింది. యొప్పేలో విధవరాండ్రకు అంగీలు కుట్టిన దొర్కా పేరు ఎవరైనా ఎత్తి తనను పొగిడితే, దొర్కా తన సొంత గుడ్డతో కుట్టింది, నేను ఊరివారి గుడ్డతో కుట్టాను అని సరిచేసేది.

విశ్వాసుల మధ్య మాత్రమే ఆడే అబద్ధాలు కొన్ని ఉన్నాయి. జరిగినదానికి కాస్త చేర్చి చెప్పే సాక్ష్యాలు వాటిలో ఒకటి; దేవుని మహిమ కోసమేనని సర్దిచెప్పుకుంటూ జలుబును ప్రాణాపాయంగా చెప్పడం నేను విన్నాను. అంతకంటే మామూలుది ‘మీ కోసం ప్రార్థన చేస్తున్నాను’ అన్న మాట. వందనాలు చెప్పినంత తేలిగ్గా చెప్పి, మలుపు తిరిగేలోపే మరిచిపోతాం. అమ్మ దగ్గర బట్టలతో పాటు బాధలు కూడా తెచ్చుకునే ఆడవాళ్లు చాలామంది ఉండేవారు. ఎవరైనా ‘నా కోసం ప్రార్థన చేయండమ్మా’ అంటే, ఆమె తొక్కుతున్న మిషను ఆపి, చక్రం మీద చెయ్యి పెట్టి, అక్కడే రెండు మాటల్లో ప్రార్థించేది. మాట ఇచ్చి తరువాత మరిచిపోతే అది అబద్ధమవుతుందన్న భయమే అందుకు కారణమని నాతో చెప్పింది. వీలుకాని వేళల్లో వారి పేరు కొలతల పుస్తకంలోనే, పొడవూ పన్నా రాసిన వరుస కింద చిన్నగా రాసుకునేది. ఆ పుస్తకాలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. పేర్ల పక్కన తేదీలు ఉంటే ప్రార్థనకు జవాబు వచ్చిన రోజులేమో అనుకున్నాను. ఒకచోట ఆమె రాసుకున్న వాక్యాన్ని బట్టి అవి తాను మాట ఇచ్చినట్టుగా నిజంగా ప్రార్థించిన రోజులని తెలిసింది. తేదీ వేయని పేర్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని ఆమె కొట్టివేయలేదు, పుస్తకం మారినప్పుడల్లా కొత్త పుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించుకుంది.